పాతబస్తీ తొలిసారి చూడాలంటే: ఒంటరిగా తిరగాలా, గైడ్ వెంట వెళ్లాలా?

బందరు_కుర్రాడు:
ఉద్యోగం కోసం ఈమధ్యే హైదరాబాద్ వచ్చాను, ఉండేది గచ్చిబౌలి వైపు. చార్మినార్ చుట్టుపక్కల నడుచుకుంటూ చూడాలని ఉంది. గైడ్ నడిపించే హెరిటేజ్ వాక్‌లో చేరమని ఆఫీసులో ఒకాయన అంటారు. ఇంకొకాయనేమో అదంతా దండగ, ఒక్కడివే వెళ్లి గల్లీలు పట్టుకుని తిరగమంటారు. నాకు ఉర్దూ రాదు, హిందీ అంతంతమాత్రం. మీరేమంటారు?

మదీనా_చౌరస్తా:
ఒంటరిగానే వెళ్లు తమ్ముడూ. ఎంజీబీఎస్‌లో మెట్రో దిగి, నయాపూల్ వంతెన మీదుగా మూసీ దాటి మదీనా చౌరస్తా దాకా నడువు. అక్కడి నుంచి సీదా దక్షిణానికి పోతే చార్మినార్, కిలోమీటరు కూడా ఉండదు. ఎంత కొత్తవాడైనా ఆ రోడ్డు మీద దారి తప్పడు.

పొద్దున దుకాణాలు తెరవకముందు వెళ్తే ఆ రోడ్డు మీది పత్తర్‌గట్టి బజారు అసలు రూపం కనిపిస్తుంది. పగలు కనిపించేది బోర్డులే. షట్టర్లు మూసి ఉన్నప్పుడు తలెత్తి చూడు, రోడ్డుకు రెండు వైపులా రాతి కమానులు వరసగా ఉంటాయి. మచిలీ కమాన్ దాటగానే గుల్జార్ హౌజ్. ఆ ఫౌంటెన్ దగ్గర నిలబడితే నాలుగు దిక్కులా నాలుగు కమానులుంటాయి. దక్షిణం వైపున్న కమాన్‌లోంచి చార్మినార్ కనిపిస్తుంది.

నిజానికి నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. పదకొండు దాటాక అక్కడి సందుల్లోకి వెళ్తే టక్ టక్ మని సుత్తి చప్పుడు వినిపిస్తుంది. స్వీట్ల మీద, పాన్ మీద అద్దే వెండి వరఖ్ తయారుచేసే చోటది. తోలు ఆకుల పుస్తకంలో వెండి ముక్కలు పెట్టి, రాతి దిమ్మె మీద ఉంచి గంటలకొద్దీ కొడతారు. గైడ్ అక్కడ రెండు నిమిషాలు ఆపి 'ఇది వరఖ్' అని చెప్పి ముందుకు తోలుకుపోతాడు. ఒక్కడివే అయితే అరగంట నిలబడతావు. పుస్తకం విప్పి, ఆ రేకును వేలికి అంటకుండా కాగితం మీదకి ఎలా మారుస్తారో చూసేదాకా కదలవు.

తాళపత్రం:
మదీనా గారూ, మీకు ఆ చోటు తెలుసు కాబట్టి సులువుగా చెప్పేశారు. ఏం చూస్తున్నాడో తెలియనివాడు పత్తర్‌గట్టిలో తలెత్తితే రాళ్లే కనిపిస్తాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ఊరిని ఊడ్చేసిందనీ, తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారనీ, ఆ కమానుల బజారు ఆ బోర్డు కట్టించిందేననీ ఎవరో ఒకరు చెప్పాలి కదా! అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ వరదలో సుమారు 150 మంది దాన్ని ఎక్కి బతికారు. మీరు చెప్పిన నయాపూల్ దారికి అది పక్కనే. చెప్పేవాళ్లు లేకపోతే దాన్నీ మామూలు చింతచెట్టు అనుకునే పోతాడు.

ముందు ఒకసారి గైడ్‌తో వెళ్లనివ్వండి. ఆ తర్వాత ఆయన ఇష్టం.

మదీనా_చౌరస్తా:
అవన్నీ ఇంట్లో కూర్చుని కూడా చదువుకోవచ్చు సార్. చార్మినార్ 1591 అని తెలియడానికి ఎండలో నడవక్కర్లేదు.

కూకట్‌పల్లి_కోడలు:
'ఒంటరిగానా, గైడ్‌తోనా' అని ఇద్దరు మగవాళ్లు మాట్లాడుకుంటున్నారు, బాగుంది. అడిగింది కూడా మగవాడే కాబట్టి సరే. ఈ చర్చ రేపు ఒక అమ్మాయి కూడా చదువుతుంది కాబట్టి రాస్తున్నాను.

చార్మినార్ పక్కన గాజులమ్మే లాడ్ బజార్‌లో నాకెప్పుడూ భయం వేయలేదు, అక్కడ మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువ. కుంపటి మీద లక్క మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి రాళ్లు అద్ది గాజులు చేసే చోట ఎంతసేపు నిలబడినా ఎవరూ ఏమీ అనరు. ఆ గాజులకు 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది కూడా. గైడ్ అక్కర్లేదు, బేరం ఆడటం వస్తే చాలు.

టెన్షన్ అంతా మదీనా గారు మురిపెంగా చెప్పిన సందుల్లోనే. మధ్యాహ్నం ఎవరూ లేని గల్లీలో ఫోన్ పట్టుకుని అటూ ఇటూ చూస్తుంటే ప్రతి బండివాడూ స్లో చేస్తాడు. మ్యాప్‌లో దారి ఉన్నట్టే కనిపిస్తుంది, తీరా వెళ్తే ఎవరింటి గుమ్మం దగ్గరో ఆగిపోతుంది. ఇక బాత్రూమ్ సంగతి. మీ ఇద్దరిలో ఒక్కరికీ ఆ మాట గుర్తు రాలేదు చూడండి! నేనైతే చౌమహల్లా టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్తాను, ప్యాలెస్ చూసినట్టూ ఉంటుంది, ఆ పనీ అయిపోతుంది. శుక్రవారం మాత్రం మూసేస్తారు.

మొఘల్‌పురా_పాతకాపు:
మాది ఇక్కడే, తాతల నాటి నుంచి. గైడా, ఒంటరా అని మీరు కొట్టుకుంటున్నారు. మమ్మల్ని ఒక్కరూ అడగలేదు.

పెద్ద రోడ్డు అందరిదీ. లాడ్ బజార్, మహబూబ్ చౌక్ గడియారం దాకా ఎవరైనా రండి, చాయ్ తాగండి, సామాన్లు కొనండి. ఇళ్లుండే గల్లీ వేరు. గుమ్మానికి పరదా కట్టి ఉంటుంది, గాలికి కాస్త పక్కకు జరిగితే లోపల మా అమ్మ కూర్చుని ఉంటుంది. కెమెరా పట్టుకుని 'పాత తలుపు బాగుంది' అని నిలబడేవాళ్లను రోజూ చూస్తున్నాం. గుంపుగా వచ్చినా తలనొప్పే, ఒక్కడే వచ్చినా తలనొప్పే. మీ అపార్ట్‌మెంట్ కారిడార్‌లో మేమొచ్చి చెప్పుల స్టాండ్ ఫోటో తీస్తే వాచ్‌మన్ ఊరుకుంటాడా?

తాళపత్రం:
అందుకే అంటున్నాను, గైడ్ ఉంటే ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో చెబుతాడు.

మొఘల్‌పురా_పాతకాపు:
చెప్పడు సార్. ఇరవై మందిని మా గుమ్మం ముందు నిలబెట్టి చేతి మైకులో చెప్పింది కూడా విన్నాను.

మదీనా_చౌరస్తా:
భాయ్ చెప్పింది ఫోటోల విషయంలో నూటికి నూరు పాళ్లూ కరెక్ట్. గల్లీలోకి అడుగే పెట్టొద్దంటే మాత్రం నేను ఒప్పుకోను. ఇదే ఊళ్లో ఉంటూ పాతబస్తీ అంటే చార్మినార్ ముందు సెల్ఫీ, ఒక బిర్యానీ అనుకునేవాళ్లు లక్షల్లో ఉన్నారు. లోపలికి రాకుండానే అక్కడివాళ్ల గురించి పుకార్లు నమ్మేది వాళ్లే. ఫోన్ జేబులో పెట్టుకుని, ఎదురైనవాళ్లకు సలాం చెప్పి, దారి అడుగుతూ నడిచేవాణ్ని ఎవరూ ఏమీ అనరు. అడిగితే చెప్పడమే కాదు, మలుపు దాకా వచ్చి దింపేవాళ్లు కూడా ఉన్నారు. హిందీ రాకపోతే ఏం, తెలుగులో అడుగు తమ్ముడూ. దుకాణాల్లో చాలామందికి వచ్చు.

ఇంకో చిట్కా. మ్యాప్ తికమక పెడితే ఇంటి నంబర్ల పలకలు చూడు. మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. 20 కాస్తా 21 అయిందంటే వార్డు మారావని.

కూకట్‌పల్లి_కోడలు:
సలాం చెప్పి నడిచే సౌకర్యం అందరికీ ఉండదని నేను పైన రాసింది ఇంకోసారి చదవండి మదీనా గారూ.

బందరు_కుర్రాడు:
అందరికీ థాంక్సండీ. ఆదివారం పొద్దున ఆరింటికి బయల్దేరదామనుకుంటున్నాను, ఒంటరిగానే, మదీనా నుంచి చార్మినార్, అక్కడి నుంచి లాడ్ బజార్, అంతవరకే. గల్లీల సంగతి మొఘల్‌పురా భాయ్ రమ్మంటే చూద్దాం. అంత పొద్దున చాయ్ దొరుకుతుందా?

మొఘల్‌పురా_పాతకాపు:
చార్మినార్ పక్కనే ఇరానీ హోటళ్లుంటాయి, ఉస్మానియా బిస్కెట్లు కూడా తీసుకో. కానీ ఆరింటికి వస్తే నీ లాడ్ బజార్ మూసి ఉంటుంది. ఎనిమిదిన్నరకు చౌమహల్లా వైపు వచ్చి ఇక్కడ మెసేజ్ పెట్టు. ఖాళీగా ఉంటే నేనే వస్తా. కెమెరా మాత్రం తేవద్దు.