కాలేజీ ఫుట్‌బాల్‌లో ఘోరం బయటపడితే శిక్ష ఎవరి మీద పడాలి?

పెన్ స్టేట్ పూర్వ విద్యార్థి:

2011 నవంబరులో నేను అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ (పెన్ స్టేట్)లో పీజీ చదువుతున్నాను. ఆ నెల 9వ తేదీ రాత్రి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు హెడ్ కోచ్ జో పటర్నోను తొలగించారని తెలియగానే వేలమంది విద్యార్థులు వీధుల్లోకి వచ్చి, ఒక టీవీ వార్తా వ్యానును దొర్లించారు. రెండు రోజులు గడిచేసరికి అదే ఊళ్లో, ఓల్డ్ మెయిన్ భవనం ముందున్న పచ్చికలో, వేలమంది కొవ్వొత్తులు వెలిగించుకుని బాధిత పిల్లల కోసం మౌనంగా నిలబడ్డారు. వాళ్లలో నేనూ ఒకణ్ణి. కాలేజీ క్రీడా విభాగంలో ఇంతటి ఘోరం జరిగి, పెద్దలు దాన్ని బయటికి పొక్కనివ్వలేదని తేలినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న అప్పటినుంచీ నన్ను వదల్లేదు. ఆట ఆపేయాలా, డబ్బు గుంజాలా, రికార్డులు చెరిపేయాలా?

తెలియనివారి కోసం జరిగింది క్లుప్తంగా చెబుతాను. ఏళ్ల తరబడి అసిస్టెంట్ కోచ్‌గా పనిచేసి 1999లో రిటైరైన జెర్రీ శాండస్కీ, పేద పిల్లల కోసం తానే పెట్టిన ఒక సేవాసంస్థ ద్వారా దగ్గరైన మగపిల్లలపై లైంగిక అత్యాచారాలు చేశాడని 2012 జూన్‌లో జ్యూరీ 45 అభియోగాలలో తేల్చింది. అతనికి 30 నుంచి 60 ఏళ్ల జైలుశిక్ష పడింది. 2001లోనే అతణ్ణి ఒక బాలుడితో జట్టు లాకర్ రూమ్ షవర్లలో చూసిన యువ కోచ్ ఒకరు ఆ సంగతి పటర్నోకు చెప్పారు. ఆయన క్రీడా విభాగం అధిపతి అయిన అథ్లెటిక్ డైరెక్టరుకు చెప్పారు, అక్కడినుంచి అది యూనివర్సిటీ వైస్ ప్రెసిడెంటుకు, ప్రెసిడెంటుకు చేరింది. శిశు సంక్షేమ శాఖకు తెలియజేద్దామని మొదట అనుకుని, తరువాత మనసు మార్చుకుని, పిల్లల్ని ఇకపై క్యాంపస్‌కు తీసుకురావద్దని శాండస్కీకి చెప్పి ఊరుకున్నారు. పిల్లల్ని ప్రమాదంలోకి నెట్టారన్న నేరం కింద 2017లో డైరెక్టరు, వైస్ ప్రెసిడెంటు తప్పు ఒప్పుకున్నారు, ప్రెసిడెంటును జ్యూరీ దోషిగా నిర్ణయించింది.

కాలేజీ క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ అంతవరకూ ఆగలేదు. 2012 జులై 23న ఆరు కోట్ల డాలర్ల జరిమానా వేసింది, నాలుగేళ్లు సీజన్ అనంతర మ్యాచ్‌లు ఆడకూడదంది, స్కాలర్‌షిప్పులు కోసింది, 1998 నుంచి 2011 వరకు గెలిచిన 112 మ్యాచ్‌లను రికార్డుల నుంచి కొట్టివేసింది.

సెప్టెంబరు 1న కొత్త సీజన్ తొలి మ్యాచ్ చూడడానికి బీవర్ స్టేడియానికి వెళ్లాను. పెన్ స్టేట్ జెర్సీల వెనక ఆటగాడి పేరు ఉండేది కాదు. జట్టే పెద్దదన్నది అక్కడి సంప్రదాయం. ఆ రోజు మొదటిసారి ప్రతి వీపు మీదా పేరు కనిపించింది, బాధితుల స్మరణగా నీలిరంగు రిబ్బన్ కనిపించింది. శిక్ష తరువాత వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయే స్వేచ్ఛ ఉన్నా వెళ్లకుండా నిలిచినవాళ్ల గౌరవార్థం కొత్త కోచ్ బిల్ ఓబ్రయన్ ఆ పేర్లు వేయించారు. 2001 నాటికి ఆ కుర్రాళ్లు ఎలిమెంటరీ స్కూల్లో ఉండి ఉంటారు. తప్పు చేసినవాళ్లు గదుల్లో ఉన్నారు, శిక్ష మైదానంలో ఉన్నవాళ్లకు పడింది. నేరానికి కారకులైన అధికారుల్ని, సంస్థ ఖజానాను శిక్షించాలి గాని ఆటగాళ్ల అవకాశాలను ముట్టుకోకూడదన్నది నా అభిప్రాయం.

డాలస్ నివాసి:

మీ ఆవేదన అర్థమైంది. మా ఊళ్లో ఉన్న సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ ఉదంతం మీ మాటకు బలం ఇస్తుంది, కానీ అందులో మీరు అనుకోని మలుపు కూడా ఉంది.

1987 ఫిబ్రవరి 25న ఎన్‌సీఏఏ ఆ జట్టుకు, అక్కడివారు నేటికీ ‘మరణశిక్ష’ అనే శిక్ష వేసింది. ఆ ఏటి సీజన్ మొత్తం రద్దు, మరుసటి ఏడాది సొంతగడ్డపై మ్యాచ్‌లు రద్దు. మిగిలిన మ్యాచ్‌లు తామే వద్దనుకుని యూనివర్సిటీ 1988లో కూడా ఆడలేదు. తీర్పు ప్రకటించిన ఎన్‌సీఏఏ అధికారి ఆ విలేకరుల సమావేశంలోనే స్పృహతప్పి పడిపోయారు. నేరం ఏమిటంటే, పాత తప్పులకు అప్పటికే ఎన్‌సీఏఏ పరిశీలన శిక్ష కింద ఉన్న జట్టు మళ్లీ ఆటగాళ్లకు రహస్యంగా జీతాల్లా డబ్బు చెల్లించడం. ఆ చెల్లింపులను ఒక్కసారిగా ఆపకుండా కొంతకాలం కొనసాగించాలన్న నిర్ణయంలో యూనివర్సిటీ పాలకవర్గానికి పాత్ర ఉందని, దాని మాజీ అధ్యక్షుడు బిల్ క్లెమెంట్స్ తరువాతి నెలలో స్వయంగా ఒప్పుకున్నారు. అప్పటికి ఆయన టెక్సస్ గవర్నరు. 1991 జనవరి దాకా పూర్తి పదవీకాలం నిశ్చింతగా పనిచేశారు.

జట్టు సంగతి చూడండి. 1989లో తిరిగి వచ్చిన కుర్రజట్టును హ్యూస్టన్ 95–21 తేడాతో చితక్కొట్టింది. తరువాతి ఇరవై సీజన్లలో ఓటముల కన్నా గెలుపులు ఎక్కువైన సీజన్ 1997 ఒక్కటే. మళ్లీ బౌల్ మ్యాచ్, అంటే సీజన్ అనంతర మ్యాచ్, ఆడింది 2009లో.

ఇక్కడిదాకా మీ వాదమే. అయితే ఆ మరణశిక్షను పెద్ద స్థాయి కాలేజీ ఫుట్‌బాల్‌లో మళ్లీ ఎవరికీ వేయలేదు. ఇంత నాశనం చేసే ఆయుధాన్ని మరోసారి ఎత్తడానికి వేసేవాళ్లకే చెయ్యి రాలేదు. డబ్బు కవర్ల కోసం వాడిన ఆ ఆయుధాన్ని చిన్నపిల్లల మీద జరిగిన నేరం విషయంలో పక్కన పెట్టారు. ఆ తూకం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఒక క్రీడాకారిణి తల్లి:

మా అమ్మాయి అమెరికాలో ఒక యూనివర్సిటీ ఈత జట్టులో ఉంది, కాబట్టి ఇది నాకు దూరపు చర్చ కాదు. పూర్వ విద్యార్థి గారు జెర్సీల గురించి రాసింది చదివి నాకూ మనసు కదిలింది. కానీ ఆ రాతలో బాధిత పిల్లలు ఒక నీలి రిబ్బన్‌గా మాత్రమే కనిపించారు.

ఆ నలుగురు పెద్దలూ 2001లో ఎందుకు వెనక్కు తగ్గారో ఆలోచించండి. వాళ్ల సొంత ఇంట్లో దొంగ పడితే పోలీసులకు ఫోన్ చేయరా? ఇక్కడ చేయలేదంటే, ఆ కాలేజీకి ఫుట్‌బాల్ తప్ప మరేదీ అంత విలువైనది కాకపోవడమే కారణమని నేను నమ్ముతున్నాను. లక్షమందికి పైగా పట్టే స్టేడియం, దాని చుట్టూ బతికే ఊరు, విగ్రహమై నిలబడ్డ కోచ్. శిక్ష ఆ ఆటకు తగలకపోతే, మరుసటిసారి అలాంటి గదిలో కూర్చున్న అధికారి అదే లెక్క వేస్తాడు: చెబితే ఆట పోతుంది, చెప్పకపోతే మహా అయితే నా ఉద్యోగం పోతుంది. ఆటగాళ్లకు స్కాలర్‌షిప్ కొనసాగించి, కోరినచోటికి వెళ్లనిచ్చి, ఒక ఏడాది స్టేడియం తలుపులు మూసేయడం అన్యాయమని నేను అనుకోను. చదువు ఆగదు, ఆట మాత్రమే ఆగుతుంది.

2015 జనవరిలో రాజీ కుదిరి ఆ 112 విజయాలు తిరిగి ఇచ్చేసినప్పుడు, పటర్నో మొత్తం విజయాల సంఖ్య అయిన 409ని పెన్ స్టేట్ హాకీ జట్టు హెల్మెట్ల మీద అంటించుకుని ఆడింది. బాధితుల్లో ఒకరు ఆ రోజు టీవీ పెట్టి ఉంటే ఏం చూసి ఉంటారు?

న్యాయవాద వృత్తిలో ఉన్నవాడు:

శిక్ష ఎంత ఉండాలన్న దానికన్నా ముందు, ఎవరు వేయాలన్నది తేల్చుకోవాలి. ఎన్‌సీఏఏ ఒక సభ్యత్వ సంఘం. దాని నిబంధనలు ప్రధానంగా ఆటగాళ్ల ఎంపిక, అర్హత, అందే ప్రయోజనాల గురించి రాసినవి. ఘోరమైన నేరం ఎదురైనప్పుడు ఆ నిబంధనావళి చేతికి అందదు. బేలర్ యూనివర్సిటీలో ఫుట్‌బాల్ ఆటగాళ్లపై వచ్చిన లైంగిక దాడి ఆరోపణలను పట్టించుకోని వ్యవహారంలో 2016లో హెడ్ కోచ్ ఉద్యోగం పోయింది. 2021లో ఎన్‌సీఏఏ కమిటీ మాత్రం, ఆ వైఫల్యాలు ఎంత తీవ్రమైనవైనా తమ నిబంధనల ఉల్లంఘన కిందికి రావని తేల్చి, ఇతర విషయాలకు నాలుగేళ్ల పరిశీలన, అయిదు వేల డాలర్ల జరిమానా వేసింది. నార్త్ కరోలినా యూనివర్సిటీలో దాదాపు 18 ఏళ్లు నడిచిన ఉత్తుత్తి క్లాసులను 3,100 మందికి పైగా విద్యార్థులు తీసుకున్నారు. ఆ క్లాసులు క్రీడాకారులకే కాక అందరికీ అందుబాటులో ఉన్నాయి కనుక ప్రత్యేక ప్రయోజనమని చెప్పలేమంటూ 2017లో శిక్షే వేయలేదు.

పెన్ స్టేట్ విషయంలో ఎన్‌సీఏఏ తన విచారణ కమిటీని పక్కనపెట్టి, సొంత దర్యాప్తు లేకుండా, యూనివర్సిటీ నియమించిన దర్యాప్తు నివేదిక ఆధారంగా ఒప్పందపత్రం మీద సంతకం చేయించుకుంది. పెన్సిల్వేనియా సెనేటరు ఒకరు వేసిన దావాలో బయటికొచ్చిన ఈమెయిళ్లలో, తమకు ఆ అధికారం ఉందా అన్న అనుమానం సంస్థ లోపలివాళ్లకే ఉందని కనిపించింది. తల్లిగారు బాధపడుతున్న ఆ 409 స్టిక్కర్లకు మూలం అక్కడే ఉంది: గట్టి పునాది లేకుండా వేసిన శిక్ష రెండున్నరేళ్లకే కూలిపోయింది, కూలినప్పుడు అది నిర్దోషిత్వంలా కనిపించింది.

మిషిగన్ స్టేట్‌ను చూడండి. అక్కడ పనిచేసిన లారీ నాసర్ అనే క్రీడా వైద్యుడి అత్యాచారాల వ్యవహారంలో ఎన్‌సీఏఏ తన నిబంధనల ఉల్లంఘన ఏదీ కనబడలేదంది. కానీ కోర్టుకెక్కిన 332 మందితో ఆ యూనివర్సిటీ 2018లో 50 కోట్ల డాలర్లకు రాజీపడాల్సి వచ్చింది. ఫెడరల్ విద్యాశాఖ మరో 45 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అత్యధిక భాగం సొమ్ము బాధితులకే చేరింది. చెరిపేసిన స్కోర్లు ఏ బాధితురాలికీ ఒక్క డాలరు ఇవ్వలేదు.

డాలస్ నివాసి:

డబ్బు దగ్గర ఒక మాట. మిషిగన్ యూనివర్సిటీ ప్రత్యర్థి జట్లు మైదానంలో ఎత్తుగడలు తెలిపే సంకేతాలను దొంగచాటుగా సేకరించిన కేసులో, 2025 ఆగస్టులో, సీజన్ అనంతర నిషేధానికి బదులు మూడు కోట్ల డాలర్లు దాటుతుందని అంచనా వేసిన జరిమానా వేశారు. నేడున్న ఆటగాళ్లను నొప్పించకూడదన్నదే దానికి చెప్పిన కారణం. అయితే ఆ కాలంలో హెడ్ కోచ్ అయిన జిమ్ హార్బా అప్పటికే ప్రొఫెషనల్ లీగ్‌లో కోచ్‌గా ఉన్నారు. ఆయన మీద వేసిన, కాలేజీలకే వర్తించే పదేళ్ల ఆంక్ష ఆయన్ను ఏం చేస్తుంది? 2010లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి రెండేళ్ల బౌల్ నిషేధం పడే నాటికి అక్కడి హెడ్ కోచ్ పీట్ కారల్ కూడా సియాటిల్ ప్రొఫెషనల్ జట్టుకు చేరిపోయారు. నిబంధనలకు విరుద్ధంగా ప్రయోజనాలు పొంది ఆ శిక్షకు మూలమైన ఆటగాడు రెజ్జీ బుష్ చివరిసారి ఆ జట్టుకు ఆడింది 2005 సీజన్‌లో. 2010లో చేరిన కుర్రాడికి అప్పుడు పదమూడేళ్లుండేవి.

పెన్ స్టేట్ పూర్వ విద్యార్థి:

తల్లిగారి మాట నన్ను రెండు రోజులు ఆలోచింపజేసింది. నేను ఆటగాళ్ల వీపు మీది పేర్లే చూశాను, పేరు చెప్పుకోలేని పిల్లల గురించి ఒక్క వాక్యంలో దాటవేశాను. అది తప్పే.

అయినా స్టేడియం మూసేయాలన్న చోట ఒప్పుకోలేకపోతున్నాను. ఇరవయ్యేళ్ల కుర్రాడికి కాలేజీ ఆట నాలుగు సీజన్లే ఉంటుంది. వేరే కాలేజీకి వెళ్లమనడం తేలిక, అక్కడ చోటు దొరకాలి కదా. కానీ ఆట తెచ్చే డబ్బును ముట్టుకోవచ్చు. పెన్ స్టేట్ ఒప్పందంలో నాకు నచ్చినవి రెండున్నాయి: జరిమానా మొత్తం ఫుట్‌బాల్ ఒక ఏడాది స్థూల ఆదాయంతో సమానంగా ఉండడం, దాన్ని కట్టడానికి ఇప్పుడున్న ఏ ఇతర జట్టునూ తగ్గించకూడదు, తీసేయకూడదు అని స్పష్టంగా రాయడం. మీ అమ్మాయి ఈత జట్టు వంటివాటికి ఆ ఒక్క వాక్యమే రక్షణ. అలాంటి శిక్షను నేను సమర్థిస్తాను. ఒకసారి కాదు, అయిదేళ్లయినా సరే. ఆ డబ్బు కూడా సంఘం ఖాతాకు కాక, ముందుగా బాధితుల చికిత్సకు వెళ్లాలి. హెడ్ కోచ్ కాంట్రాక్టులో, తెలిసీ పోలీసులకు చెప్పలేదని తేలితే చెల్లించిన బోనసులు తిరిగి వసూలు చేసే నిబంధన ఉండాలి. వేరే లీగ్‌కు వెళ్లినా ఆ బాకీ వెంటాడుతుంది.

ఒక క్రీడాకారిణి తల్లి:

బోనసుల మాట బాగుంది, ఒప్పుకుంటున్నాను. స్టేడియం విషయంలో నా మాట మీదే ఉన్నాను. పిల్లాడి నాలుగు సీజన్లు విలువైనవే, కానీ ఇంకో పిల్లాడి బాల్యం తిరిగి రాదు.

న్యాయవాద వృత్తిలో ఉన్నవాడు:

మీ ఇద్దరికీ ఉపయోగపడే సంగతి ఒకటి చెబుతాను. 2001లో పెన్సిల్వేనియా చట్టం ప్రకారం, పిల్లలపై అఘాయిత్యం గురించి తెలిసిన సంస్థ ఉద్యోగి తన పైవాడికి చెబితే బాధ్యత తీరేది. ఆపైన ప్రభుత్వానికి తెలియజేయడం పైవాడి పని. ఆ యువ కోచ్ పటర్నోకు చెప్పడం, పటర్నో డైరెక్టరుకు చెప్పడం, అలా మెట్లెక్కుతూ పోయి చివరి మెట్టు మీద విషయం ఆగిపోవడం ఆ చట్టం తయారుచేసిన దారే. శాండస్కీ కేసు తరువాత ఆ రాష్ట్రం 2014లో చట్టం మార్చింది. ఇప్పుడు బాధ్యత ఉన్న ప్రతి వ్యక్తీ, కోచ్‌లతో సహా, ఎవరి అనుమతీ అడక్కుండా రాష్ట్ర శిశు రక్షణ ఫోన్ లైనుకు నేరుగా తెలియజేయాలి. పైవాడికి చెప్పడం ఆ తరువాతి పని.

ఒక క్రీడాకారిణి తల్లి:

ఈ సంగతి నాకు తెలియదు. మా అమ్మాయి చదివే రాష్ట్రంలో చట్టం ఎలా ఉందో కనుక్కుంటాను. వాళ్ల ఈతకొలను పక్కన, బట్టలు మార్చుకునే గది గోడ మీద, అలాంటి నంబరు ఏదైనా రాసి ఉందేమో ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు చూసి చెప్పమంటాను.