‘మణిచిత్రతాళు’ను తెలుగులో నేరుగా తీయాలా? తీస్తే నాగవల్లి ఏ భాషలో మాట్లాడాలి?

మూడో ఆట:
ఫాజిల్ దర్శకత్వంలో 1993లో వచ్చిన మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’ను 4కె నాణ్యతలో పునరుద్ధరించి 2024లో మళ్ళీ థియేటర్లలో విడుదల చేశారు. దాన్ని చూసిన నాటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఈ కథను 2004లో కన్నడంలో ‘ఆప్తమిత్ర’గా, 2005లో తమిళంలో ‘చంద్రముఖి’గా, 2007లో హిందీలో ‘భూల్ భులయ్యా’గా తీశారు. మనం మాత్రం ‘చంద్రముఖి’ని డబ్బింగులో చూసి, 2010లో వెంకటేష్‌తో వచ్చిన ‘నాగవల్లి’ని దానికి కొనసాగింపుగా చూసి ఊరుకున్నాం.

కథ తెలియనివారి కోసం రెండు మాటలు. భర్త నకులన్‌తో అతని పూర్వీకుల మేడకు వచ్చిన గంగ, ఏళ్ళ తరబడి తాళం వేసి ఉన్న గదిని తెరిపిస్తుంది. పూర్వం ఆ ఇంటి పెద్ద చేతిలో హతమైన తంజావూరు నర్తకి నాగవల్లి తానేనని ఆమె మనసులో ఒక భాగం క్రమంగా నమ్మడం మొదలుపెడుతుంది. అది దెయ్యం కాదని, చిన్ననాటి గాయాల వల్ల వచ్చిన మానసిక రుగ్మత అని భర్త స్నేహితుడైన డాక్టర్ సన్నీ కనిపెడతాడు. ఇంత మంచి కథను ఈనాటి ప్రేక్షకుల కోసం తెలుగులో ఎవరైనా నేరుగా తీయాలని నా అభిప్రాయం. కాదనేవారు కారణం చెప్పండి.

పాత రీలు:
కాదనేవాళ్ళలో మొదటివాణ్ణి నేనే, మూడో ఆట గారూ. ఆ చిత్రం బలమంతా దాని ఓపికలో ఉంది. అప్పటికే అగ్రనటుడైన మోహన్‌లాల్ డాక్టర్ సన్నీగా, కథ చాలా దూరం నడిచాక గానీ తెరమీదికి రారు. ఆలోగా ఆ మేడ, బంధువుల భయాలు, ఆ గది మీద గంగకున్న ఆసక్తి మనకు ఒంటబడతాయి. అది గంగగా నటించిన శోభన చిత్రం, జాతీయ ఉత్తమ నటి పురస్కారం కూడా ఆమెకే వచ్చింది. అదే కథ ‘చంద్రముఖి’గా రజనీకాంత్ చేతికి వచ్చేసరికి మొదట ఒక పోరాటం, వెంటనే ఒక పరిచయ గీతం తప్పలేదు. దర్శకుడు పి. వాసును నేను తప్పుపట్టను. చెన్నైలోని శాంతి థియేటరులో 800 రోజులకు పైగా ఆడిన చిత్రాన్ని చూసి ఆ లెక్క తప్పని ఎవరూ అనలేరు. కానీ మన దగ్గర ఈ కథకు పెద్ద హీరో ఒప్పుకుంటే జరిగేది కూడా అదే, ఒప్పుకోకపోతే నిర్మాత దొరకడు. పైగా దెయ్యం పట్టినట్టు ప్రవర్తిస్తున్నది ఎవరన్న రహస్యం మన పిల్లలకు కూడా తెలుసు. శ్రీదేవి అనే మరో పాత్ర మీదికి అనుమానాన్ని మళ్ళించడానికి రచయిత మధు ముట్టం పడ్డ శ్రమంతా అప్పుడు వృథా కాదా?

పదకేళిక:
మీరిద్దరూ హీరో గురించే ఆలోచిస్తున్నారు. నాకు ఈ కథలో అసలు మెలిక భాషలో కనిపిస్తుంది. మలయాళ మూలంలో నాగవల్లి తమిళం మాట్లాడుతుంది. కన్నడ, తమిళ చిత్రాల్లో ఆ నర్తకి తెలుగు మనిషి అయింది, హిందీలో బెంగాలీ అయింది. అంటే ఈ కథను తీసిన ప్రతివారూ తమ ప్రేక్షకుడికి చెవిన పడినది, సగం అర్థమయ్యేది, అయినా తన ఇంటిది కానిది అయిన ఒక భాషను వెతికి ఆమె నోట పెట్టారు. నిన్నటిదాకా మనతో మన భాషలో మాట్లాడిన భార్య నోట ఒక రాత్రి ఆ భాష రావడమే ఈ చిత్రంలోని భయం.

ఇప్పుడు మన సంగతి చూడండి. ‘చంద్రముఖి’ తమిళ ప్రతిలో జ్యోతిక తెలుగు మాట్లాడినప్పుడు, ‘రా రా’ అని తెలుగులో పాడినప్పుడు తమిళ ప్రేక్షకుడికి వెన్నులో చలి పుట్టింది. తెలుగు డబ్బింగులో ఆమె నోట తమిళం పెట్టి, ఆ పాటను కూడా ‘వారాయ్’ అని తమిళంలోనే పాడించారు. మన భాషనే దెయ్యపు భాషగా వాడుకున్న చిత్రాన్ని మనం భాష తారుమారు చేసిన డబ్బింగులోనే చూశాం. అందుకే తెలుగులో నేరుగా తీయవలసిన అవసరం ఇంకా మిగిలి ఉందంటాను.

తెల్లకోటు:
భాష సంగతి ఆసక్తికరమే గానీ, మానసిక వైద్య విభాగంలో పనిచేసే మనిషిగా నా అభ్యంతరం వేరు. “ఇది దెయ్యం కాదు, జబ్బు” అని 1993లో ఒక వినోద చిత్రం చెప్పడం గొప్ప సంగతే. ఆ తరువాత డాక్టరు చేసే పనులే నాకు మింగుడుపడవు. రోగికి తెలియకుండా పరీక్ష పెట్టి, భర్త చేత బయటికి వెళ్ళవద్దనిపించి రెచ్చగొడతాడు. చివరకు తాంత్రికుడి సాయంతో, మనిషి స్థానంలో బొమ్మను పెట్టి, ఆమె చేత పగ తీర్పించి ఒక్క రాత్రిలో నయం చేస్తాడు. బాల్యపు గాయాల నుంచి పుట్టే ఇటువంటి రుగ్మతలకు ఏళ్ళ తరబడి ఓపికగా సాగే మాటల చికిత్స అవసరమవుతుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి సమ్మతికీ గోప్యతకూ హక్కు కల్పించాక, ఈనాటి కథ అని చెప్పుకునే చిత్రంలో అదే డాక్టరు అదే పని చేసి చప్పట్లు కొట్టించుకోవడం నేను ఒప్పుకోలేను. మా దగ్గరికి వచ్చే కుటుంబాలు చాలావరకు ముందు భూతవైద్యుడి గడప తొక్కి వచ్చినవే.

పాత రీలు:
తెల్లకోటు గారూ, ఆ పతాక సన్నివేశం తీసేస్తే చిత్రంలో మిగిలేది ఆసుపత్రి చీటీయే. తప్పు చేసే డాక్టరును కూడా చూపించవచ్చు కదా? అతని పథకం విఫలమయ్యే అవకాశం ఉన్నందుకే ఆ దృశ్యంలో ఊపిరి బిగబడుతుంది.

పదకేళిక గారి మాట మాత్రం నన్ను ఇరుకున పెట్టింది. అయితే మన నాగవల్లి ఏ భాష మాట్లాడాలి? తమిళమా? బొబ్బిలి, వెంకటగిరి వంటి సంస్థానపు కోటలో తమిళ నర్తకిని పెడితే మూలానికి దగ్గరగా ఉంటుంది గానీ, మన హాస్య చిత్రాలు తమిళపు యాసను ఎంతగా అరగదీశాయంటే, ఆమె నోరు విప్పగానే హాలు నవ్వుతుందని నా భయం.

పదకేళిక:
తమిళం వద్దు. ఊరు మార్చకుండా కాలం మార్చవచ్చు. ఆమె పాత తెలుగులోనే మాట్లాడాలి. తంజావూరు ఆస్థానాల్లో నర్తకీమణులు అభినయించినవి తెలుగు పదాలు (అభినయం కోసం రాసిన శృంగార గీతాలు), తెలుగు యక్షగానాలు. క్షేత్రయ్య పదంలోని తెలుగు మనదే, అయినా సగమే అర్థమవుతుంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే ఒక అమ్మాయి అర్ధరాత్రి భర్తను చూసి “ఏమోయి” అనకుండా “ఏమిరా” అని, పదాలలో నాయిక తన సామిని నిలదీసిన తీరున నిలదీస్తే, ఆ భాష మన ముత్తవ్వ గొంతులోంచి వచ్చినట్టుంటుంది. పరాయి భాష కంటే అది ఎక్కువ భయపెడుతుందని నా నమ్మకం.

ఇందులో ఒక బాధ్యత కూడా ఉంది. కోస్తాలో ఆ కళను మోసిన కలావంతుల స్త్రీలను 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం తరువాత సమాజం ఎలా మరిచిపోయిందో మనకు తెలుసు. ఆ నర్తకిని మళ్ళీ జుట్టు విరబోసుకున్న పిశాచంగానే చూపించేటట్లయితే, పాత రీలు గారు చెప్పినట్టు తీయకపోవడమే మేలు.

మూడో ఆట:
ఆలోచన బాగుంది. కానీ మన కథానాయికల్లో చాలామందికి ఇంకొకరు గొంతు ఇస్తున్న పరిస్థితిలో, ఆ పాత తెలుగును నోరు తిరిగేలా ఎవరు పలుకుతారు?

పదకేళిక:
మూలంలోనూ గొంతు శోభనది కాదు. గంగకు భాగ్యలక్ష్మి, నాగవల్లికి తమిళ డబ్బింగ్ కళాకారిణి దుర్గ గొంతు ఇచ్చారు. ఆ సంగతి లోకానికి తెలిసింది చాలా ఏళ్ళ తరువాత, 2016లో. ఒకే ముఖం నుంచి ఇద్దరు స్త్రీల గొంతులు వచ్చాయి, మనం గమనించకుండా భయపడ్డాం. మనం లోపమనుకునే డబ్బింగు అలవాటు ఈ ఒక్క కథకు పనికివస్తుంది.