కొకైన్, ఎండీఎంఏ: "ఏది తక్కువ డేంజరో చెప్పన్నా" అంటున్నాడు మా బాబాయి కొడుకు

పటమట రవి:
మా తమ్ముడు (బాబాయి కొడుకు) బెంగళూరులో సాఫ్ట్‌వేర్. మే నెలలో ఫ్రెండ్ పెళ్ళికి బెజవాడ వస్తున్నాడు. పెళ్ళయ్యాక కరకట్ట వైపు ఏదో తోటలో డీజే పెట్టుకుంటున్నారట. మాటల్లో తెలిసింది, అప్పుడప్పుడు ఎండీఎంఏ (ఎక్‌స్టసీ అనే పార్టీ మత్తుమందు) వేసుకుంటాడని. గట్టిగా అడిగితే ఏమాత్రం దాచలేదు. "కోక్ (కొకైన్) అలవాటవుతుందన్నా, ఇది అవదు. మందు కన్నా నయం. పైగా కొకైన్ ఒకప్పుడు డాక్టర్లే వాడేవాళ్ళు, అదీ అంత భయపడేదేం కాదు" అని నాకే పాఠం చెప్పాడు. తిడితే ఫోన్ ఎత్తడం మానేస్తాడు. పిన్నికి చెబితే మంచం పడుతుంది. అసలు ఈ రెండిట్లో తేడా ఏంటి, ఏది ఎంత ప్రమాదం? తెలిసినవాళ్ళు చెప్పండి. నీతులు వద్దు, అవి నా దగ్గర బోలెడున్నాయి.

నైట్‌డ్యూటీ సిస్టర్, గుంటూరు:
రవి గారూ, నేను కొత్తపేటలో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుని. అలవాటు సంగతిలో మీవాడు చెప్పింది సగం నిజం. కొకైన్ పట్టుకున్నంత గట్టిగా ఎండీఎంఏ మనిషిని పట్టుకోదు. కానీ మా దగ్గరికి స్ట్రెచర్ మీద వచ్చేవాళ్ళు అలవాటు వల్ల రారు కదా, ఆ ఒక్క రాత్రి వల్ల వస్తారు.

కొకైన్‌ని డాక్టర్లు వాడిన మాట నిజమే. 1884లో కంటి ఆపరేషన్‌కి మత్తుగా మొదలుపెట్టారు. చోటు మొద్దుబారుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి కాబట్టి రక్తం తక్కువ పోతుంది. ఆ బిగుసుకోవడమే గుండె రక్తనాళాల్లో జరిగితే? పాతికేళ్ళ కుర్రాడు ఛాతీ పట్టుకుని వస్తాడు. పీల్చిన మొదటి గంటలో గుండెపోటు ముప్పు 24 రెట్ల దాకా పెరుగుతుందని 1999లో అమెరికాలో ఒక అధ్యయనం తేల్చింది. మద్యంతో కలిపితే లివర్‌లో రెండూ కలిసి కోకాఇథిలీన్ అనేది తయారవుతుంది. అది కొకైన్ కన్నా ఎక్కువసేపు ఒంట్లో ఉంటుంది, గుండెకి ఇంకా చెడ్డది. కొకైన్ మత్తు అరగంటలోనో గంటలోనో దిగిపోతుంది, దిగగానే మళ్ళీ కావాలనిపిస్తుంది. తెల్లారేసరికి ఎన్నిసార్లు పీల్చాడో వాడికే లెక్క ఉండదు.

ఎండీఎంఏ మూడు నుంచి ఆరు గంటలు ఉంటుంది. మెదడులో మనసు హాయిని నడిపే సెరటోనిన్ అనే రసాయనాన్ని ఒక్కసారే తోడేస్తుంది. అందుకే ఎదురుపడ్డ ప్రతివాడూ ఆత్మబంధువులా కనిపిస్తాడు, రెండు మూడు రోజుల తర్వాత దిగులు కమ్ముతుంది. అసలు భయం మాత్రం ఒంటి వేడి. ఇది వేసుకుంటే ఒళ్ళు వేడెక్కుతుంది, అలసట తెలీదు, ఆగకుండా గెంతుతారు. మే నెల, బెజవాడ, కృష్ణ ఒడ్డున ఉక్క. పట్టిన చెమట ఆరదు. ఇక ఒళ్ళెలా చల్లబడుతుంది?

ఒక కుర్రాడిని తెచ్చారు. దవడలు కరకరా నూరుతున్నాడు, కనుపాపలు ఇంతేసి. టెంపరేచర్ 106 దాటింది. "రెండు బీర్లు తాగాడు, అంతే సిస్టర్" అంటారు ఫ్రెండ్స్. ఇది ఇన్‌ఫెక్షన్ జ్వరం కాదు, పారాసిటమాల్‌కి తగ్గదు. చంకల్లో, గజ్జల్లో ఐస్ ప్యాకులు పెట్టి, ఫ్యాన్ వేసి, తడి గుడ్డలు కప్పి, నరానికి మత్తు ఇంజక్షన్ ఇచ్చాం. యూరిన్ బ్యాగులో కోలా రంగు. కండరాలు కరిగి కిడ్నీల మీద పడుతున్నాయని అర్థం. మొదటే నిజం చెప్పి ఉంటే గంట కలిసొచ్చేది.

బుల్లెట్ బాబు:
మరీ భయపెడుతున్నారక్కా. మా బ్యాచ్‌లో ఎవరికీ ఏం కాలేదు. నీళ్ళు బాగా తాగితే చాలు, అందరికీ తెలిసిందే.

నైట్‌డ్యూటీ సిస్టర్, గుంటూరు:
ఆ సలహానే కొంతమందిని ఐసీయూకి పంపింది తమ్ముడూ. ఎండీఎంఏ మీద ఒళ్ళు నీటిని బయటికి వదలదు. లీటర్లకి లీటర్లు ఉత్త నీళ్ళు పోస్తే రక్తంలో సోడియం పడిపోతుంది, మెదడు వాస్తుంది, ఫిట్స్ వస్తాయి. అసలు మీ బ్యాచ్ వేసుకుంది ఎండీఎంఏనే అని ఎవరు చెప్పారు, అమ్మినవాడా? ఆ పేరుతో మెత్ (మెథాంఫెటమిన్ అనే వేరే మత్తుమందు) అమ్మేవాళ్ళూ ఉన్నారు. అదైతే నిద్ర లేకుండా రోజులు రోజులు నడుస్తుంది, అనుమానాలు, లేని గొంతులు వినపడటం.

బెజవాడ ప్లీడరు:
ఆరోగ్యం సంగతి సిస్టర్ గారు చెప్పారు. ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం దృష్టిలో రెండూ ఒకటి కావు. కొకైన్‌లో 2 గ్రాముల వరకు చిన్న మొత్తం, 100 గ్రాములు దాటితే వాణిజ్య మొత్తం. ఎండీఎంఏలో అర గ్రాము, 10 గ్రాములు. వాణిజ్య మొత్తమైతే పదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళు, బెయిలు దొరకడం గగనం. "ఫ్రెండ్స్ అందరికీ కలిపి నేనే తెచ్చా" అనే మంచి మనసు కుర్రాడే ఇందులో ముందు ఇరుక్కుంటాడు. బానిసైనవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకి వెళ్తే, వాడకం, చిన్న మొత్తం కేసుల్లో 64ఏ సెక్షన్ కాస్త రక్షణ ఇస్తుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.

పటమట రవి:
ఇంకో మాట. వాడి బ్యాగులో ఎస్సిటాలోప్రామ్ స్ట్రిప్ చూశాను. ఆందోళనకి వాడుతున్నాడట. దీనికీ దానికీ ఏమైనా లింకుందా?

నైట్‌డ్యూటీ సిస్టర్, గుంటూరు:
ఉంది, ఇది ముందే చెప్పాల్సిన సంగతి. ఆ మాత్ర వాడేవాళ్ళకి ఎండీఎంఏ సరిగ్గా ఎక్కదు. "ఇది పని చేయట్లేదు" అని ఇంకోటి, ఇంకోటి వేస్తారు. రెండూ సెరటోనిన్ మీదే పనిచేసేవి. అది మితిమీరితే వణుకు, కండరాలు బిగుసుకోవడం, మళ్ళీ అదే వేడి. నొప్పికి ట్రమడాల్ మింగినా ఇదే గొడవ. పార్టీ కోసం నాలుగు రోజులు మాత్ర ఆపేద్దామనుకుంటాడేమో, అదీ వద్దు. ఆందోళన తిరగబెడుతుంది, మాత్ర ఒంట్లోంచి పూర్తిగా పోదు కూడా. ఏది ఎక్కువ డేంజర్ అన్న వాదన పక్కన పెట్టి ముందు ఈ మాత్ర సంగతి ఎత్తండి, ఇది వింటాడు. మాత్ర రాసిన డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పమనండి. మొహమాటమైతే 14416 టెలీ మానస్‌కి (మానసిక ఆరోగ్య ప్రభుత్వ హెల్ప్‌లైన్) తెలుగులోనే మాట్లాడొచ్చు. పెళ్ళినాడు వాడి పక్కనుండే ఫ్రెండ్ ఎవరో కనుక్కుని, ఒళ్ళు కాలిపోతున్నా, మాట తడబడుతున్నా, ఛాతీలో నొప్పన్నా 108కి ఫోన్ చేసి ఏం వేసుకున్నాడో పేరు పెట్టి చెప్పమనండి.