హెచ్‌ఆర్‌కు నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు చెల్లుతుందా?

ప్రశ్న (అజ్ఞాత, విజయవాడ):
దాదాపు 60 మంది పనిచేసే ఒక ప్రైవేటు సంస్థలో నేను అకౌంట్స్ విభాగంలో ఉన్నాను. వోచర్లు చూసే నెపంతో మా మేనేజరు నా కుర్చీ వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసేవారు. వద్దని చెప్పిన తరువాత రాత్రి 11 దాటాక వాట్సాప్‌లో సందేశాలు పంపి, తెల్లవారేసరికి వాటిని తొలగించేవారు. ఇది ఐదు నెలలు సాగింది. చివరిసారి జరిగి 11 వారాలైంది. అప్పుడే హెచ్‌ఆర్‌కు చెబితే, ఆయన చేత క్షమాపణ చెప్పిస్తామని, విషయం బయటికి పొక్కనివ్వవద్దని అన్నారు. క్షమాపణ రాలేదు గాని నన్ను వేరే సెక్షనుకు మార్చారు. నా దగ్గర ఉన్నవి మూడు స్క్రీన్‌షాట్లు, ఇంట్లో పాల లెక్క రాసుకునే క్యాలెండరులో ఆయా తేదీల దగ్గర పెట్టుకున్న గుర్తులు, అంతే. ఆలస్యమైపోయిందా? రుజువు చేయలేకపోతే నా మీదే చర్య తీసుకుంటారా?

సమాధానం 1:
లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించడానికి సంస్థలో వేసే అంతర్గత కమిటీలో మూడేళ్లు బయటి సభ్యురాలిగా ఉన్నాను. హెచ్‌ఆర్‌కు నోటితో చెప్పడం కమిటీకి ఫిర్యాదు చేసినట్టు కాదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి తెచ్చిన 2013 నాటి చట్టం ప్రకారం ఫిర్యాదు రాతపూర్వకంగా, మూడు నెలల లోపల ఇవ్వాలి. సంఘటనలు వరుసగా జరిగితే చివరిదాని నుంచి లెక్క గనుక మీకింకా రెండు వారాల వ్యవధి ఉంది. కమిటీ కారణాలు నమోదు చేసి మరో మూడు నెలల వరకు గడువు పొడిగించవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ఆరు ప్రతులు, వాటితోపాటు ఆధారాలు, సాక్షుల పేర్లు, చిరునామాలు ఇచ్చి, అందినట్టు తేదీ వేయించి సంతకం తీసుకోండి.

ఆ క్యాలెండరును మాత్రం నీటుగా తిరగరాయకండి. పాల ప్యాకెట్ల అంకెల మధ్య ఇరుక్కుని ఉన్న గుర్తు ఏ రోజుకారోజు పెట్టినదని చూడగానే నమ్మబుద్ధేస్తుంది. జిరాక్సు ఇచ్చి, అసలుది మీ దగ్గరే ఉంచుకోండి.

సమాధానం 2 (న్యాయవాది):
రుజువు చేయలేకపోవడం వేరు, తెలిసి తెలిసి అబద్ధపు ఫిర్యాదు చేయడం వేరు; తగిన ఆధారం చూపలేకపోయినంత మాత్రాన చర్య తీసుకోరాదని ఆ చట్టం సెక్షన్ 14లోనే ఉంది. రాజీ ప్రయత్నం కూడా మీరు కోరితేనే జరగాలి, అందులో డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం ఉండకూడదు. విచారణ కాలంలో ఆయననే బదిలీ చేయాలనో, మీకు మూడు నెలల వరకు సెలవు కావాలనో కమిటీని రాతపూర్వకంగా కోరవచ్చు. మీరడగకుండా మిమ్మల్నే కదిలించారు గనుక ఆ సంగతీ ఫిర్యాదులో రాయండి. లైంగిక వేధింపులను నేరంగా చూసే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 75 కింద పోలీసులను ఆశ్రయించే దారి వేరుగా ఉంది. కమిటీ విచారణకు వకీలును వెంట తీసుకువెళ్లడానికి నిబంధనలు ఒప్పుకోవు. మా వృత్తికి నష్టమే అయినా ఉన్నమాట చెప్పాలి కదా.

సమాధానం 3:
విచారణ 90 రోజుల్లో ముగించాలని చట్టం అంటుంది, నాది ఆరు నెలలు పట్టింది. మా దుకాణంలో ఎనిమిది మందిమే, పైగా ఫిర్యాదు యజమాని మీద, అందువల్ల జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాను. అలాంటిది ఒకటుందని కలెక్టరేటులో నేనడిగిన మొదటి ఇద్దరికీ తెలియదు. మీరు ఓపిక పట్టవలసి వస్తుంది. ఈలోగా ఫోను మార్చకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఫిర్యాదు రాశాను. అయితే నోటీసు బోర్డులో కమిటీ అధ్యక్షురాలిగా ఉన్న పేరు రెండేళ్ల క్రితం ఉద్యోగం మానేసిన ఆవిడది. ప్రతులు ఎవరికివ్వాలి?

సమాధానం 1:
పది మంది, అంతకుమించి పనిచేసే చోట కమిటీ వేయకపోతే యాజమాన్యానికి 50,000 రూపాయల వరకు జరిమానా ఉంది, కాబట్టి ఆ చిక్కు వారిది. కవరు మీద పేరు వద్దు. ‘అధ్యక్షురాలు, అంతర్గత కమిటీ’ అని హోదా రాసి సంస్థ చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఒక ప్రతి యాజమాన్యానికి చేర్చండి. ఇలాంటి ఫిర్యాదులు ఆన్‌లైన్‌లో తీసుకునే కేంద్ర ప్రభుత్వ షీ-బాక్స్ పోర్టల్‌లో కూడా నమోదు చేయండి. బోర్డును ఇవాళే ఫొటో తీసి పెట్టుకోండి, రేపటికి ఆ కాగితం మారిపోవచ్చు.