"రాజిక దైవికములు సంభవించినను": ఆ చివరి 'ను' సంగతేమిటి?

రమణమూర్తి, టెక్కలి: పాత కౌలు దస్తావేజుల్లో కనబడే వాక్యం ఒకటి మూడ్రోజులుగా బుర్ర తినేస్తోంది. "రాజిక దైవికములు సంభవించినను..." దగ్గర ఆగిపోతున్నాను. రాజు వల్లో దైవం వల్లో వచ్చే ఆపదల మాట అది. తర్వాత "శిస్తు ఇచ్చుకొనగలవాడను" అనా, "శిస్తు మినహాయించుకొనగలవాడను" అనా? గాలివాన నష్టం ఎవరి నెత్తిన పడాలన్నది దాంతోనే తేలాలి.

అప్పారావు మాస్టారు, బొబ్బిలి: ఇందులో అనుమానమేముంది? 'సంభవించినను' అప్యర్థకం. వచ్చినా సరే ఇస్తానని. భూస్వామి రాయించుకున్న కాగితం మరి.

సత్యవతి, విజయనగరం: అంత తేలిగ్గా తేల్చెయ్యకండి మాస్టారూ. చేదర్థకం 'సంభవించినన్' కదా. ఆ ద్రుతానికి, అంటే చివరి 'న్'కి, ఉత్వం వస్తే అదీ 'సంభవించినను' అవుతుంది. అప్పుడు అర్థం 'వస్తే'. ఆ 'ను' ద్రుతమా, 'కూడా' అనే సముచ్చయమా? కరణం కలానికి ఆ తేడా తెలియదు.

అప్పారావు మాస్టారు: ద్రుతమైతే వెనక 'మినహాయించు' లాంటి క్రియ ఉండాలి. 'ఇచ్చుకొనగలవాడను' ఉంటే సముచ్చయమే. క్రియ గుర్తు తెచ్చుకోండి రమణమూర్తి గారూ, వ్యాకరణం తర్వాత చూద్దాం.

గోపాలం, సోంపేట: అందుకే పర్వతాలపేట గిడుగు వారు అంత పోరాడింది! "వచ్చినా ఇస్తాను", "వస్తే ఇవ్వను". వ్యావహారికంలో రాసుంటే మనకీ గొడవ ఉండేది కాదు.
ఇంతకీ 'రాజిక'లో హ్రస్వమా, దీర్ఘమా? నేను విన్నది రాజీకం. రాజీపడ్డం నుంచి వచ్చిందేమో.

అప్పారావు మాస్టారు: రాజీ ఉర్దూ మాట బాబూ, దానికీ దీనికీ చుట్టరికం లేదు. ధర్మశాస్త్రం రాసిన యాజ్ఞవల్క్యుడు నిక్షేపం గురించి చెప్పినచోట ఉంది చూడండి: "న దాప్యోఽపహృతం తం తు రాజదైవికతస్కరైః". దాచమని ఇచ్చిన సొమ్ము రాజు వల్లో, దైవం వల్లో, దొంగల వల్లో పోతే దాచినవాడు కట్టక్కర్లేదు. అక్కడ 'రాజ' మాత్రమే. 'ఇక' ఉన్నది దైవానికే. దైవికం పక్కన కూర్చుని కూర్చుని రాజుకీ 'ఇక' అంటుకుందని నా లెక్క.

సత్యవతి: రెండో పంక్తి కూడా పెట్టండి మాస్టారూ, అసలు పట్టు అక్కడుంది. "భ్రేషశ్చేన్మార్గితేఽదత్తే దాప్యో దండం చ తత్సమమ్". అడిగాక ఇవ్వకుండా ఉంచుకుని, ఆ తర్వాత పోగొట్టుకుంటే సొమ్మూ కట్టాలి, దానికి సమానంగా దండుగ కూడా కట్టాలి. గడువు దాటించినవాడికి దైవం పేరు చెప్పే హక్కు లేదన్నమాట.
2020 ఫిబ్రవరి 19న కేంద్ర ఆర్థిక శాఖ కరోనాను ప్రకృతి విపత్తు కింద చూడొచ్చని ఇచ్చిన మెమోలోదీ అలాంటి పట్టుదలే. విపత్తు వచ్చిన వెంటనే నోటీసివ్వాలి, అంతా అయ్యాక చెబితే చెల్లదు. ఒప్పందం రద్దయిపోదు, ఆ కాలానికి పని ఆగుతుంది, అంతే. 90 రోజులు దాటితే ఎవరైనా తెంచుకోవచ్చు.

గోపాలం: అయితే రాజిక దైవికం అన్నా, ఒప్పందాల్లో మన చేతిలో లేని విపత్తుకి రాసే ఫోర్స్ మెజూర్ అన్నా ఒకటేనా? మనవాళ్లు పేపర్లో అన్నింటికీ 'దైవాధీనం' రాసేస్తున్నారు.

సత్యవతి: అదే నా గోల. దైవికం ఒక్కటీ తీసుకుంటే యాక్ట్ ఆఫ్ గాడ్. మనిషి చెయ్యి ఉండకూడదు, మామూలు జాగ్రత్తతో ఆపగలిగేది కాకూడదు. యుద్ధం, సర్కారు ఉత్తర్వు అందులోకి రావు. అవి రాజికం. ఫోర్స్ మెజూర్‌లోకి రెండూ వస్తాయి. మన పాత జంటపదం ఆ ఫ్రెంచి మాట కంటే విడమరిచి చెబుతోంది.
వాన పడిందల్లా దైవికం కాదు. 2.66 అంగుళాల వానకి గోడ కూలి పిల్లలు పోయిన కేసులో, వానాకాలంలో అంత వాన మామూలేనని 1958లో మధ్యప్రదేశ్ హైకోర్టు గోడ యజమానినే బాధ్యుణ్ణి చేసింది. గెడ్డ (వాగు) సహజంగా పోయే దారి మార్చి కట్టడం కడితే, ఎంత కుంభవృష్టి కురిసినా సాకు కాదని 1917 నాటి బ్రిటన్ గ్రీనక్ తీర్పు.

రమణమూర్తి: మరి తిత్లీ తుఫాను? 2018 అక్టోబరు 11 తెల్లారకట్ల పలాస దగ్గర తీరం దాటింది, వస్తుందని ముందే హెచ్చరిక ఉంది. తెలిసి వచ్చింది దైవికం ఎలా అవుతుంది?

సత్యవతి: గాలి వస్తుందని తెలియడం వేరు, గాలిని ఆపగలగడం వేరు. పడవ ఒడ్డుకి లాగొచ్చు, బస్తాలు ఎత్తు మీద పెట్టొచ్చు. అవి చెయ్యకపోతే తప్పు మనిషిదే. ఉద్దానంలో కాపుకొచ్చిన కొబ్బరిచెట్టుకి ఏ తాడు కడతారు?
కౌలుకి వస్తే ఆస్తి బదిలీ చట్టం 108 సెక్షన్లో నిప్పు, గాలివాన, వరద, సైన్యం, అల్లరిమూక అని వరసగా ఉన్నాయి. అక్కడా రాజికం దైవికం పక్కపక్కనే! కానీ ఆస్తిలో ముఖ్యభాగం నాశనమవ్వాలి, లేదా శాశ్వతంగా పనికిరాకుండా పోవాలి. వంశధార పొంగి ఒక పంట పోతే చాలదు. ఇసుక మేట వేసి మడి మడిలా లేకుండా పోతే అప్పుడు వాదించొచ్చు. అయినా కౌలు దానంతటది పోదు, వద్దని కౌలుదారే చెప్పాలి. గట్టు తనే తెగ్గొట్టుంటే ఆ వీలూ లేదు. పైగా 117 సెక్షన్ ప్రకారం సర్కారు ప్రకటిస్తే తప్ప ఇది వ్యవసాయ కౌళ్లకి వర్తించదు.

గోపాలం: ఇంత చెప్పి చివర్న 117 తీశారా అమ్మా!

అప్పారావు మాస్టారు: ఈతిబాధల శ్లోకంలోనూ రాజున్నాడు. అతివృష్టి, అనావృష్టి, ఎలకలు, మిడతలు, చిలకలు, ఆరోది "ప్రత్యాసన్నాశ్చ రాజానః". చిలకల సరసన రాజుల్ని కూర్చోబెట్టాడు మహానుభావుడు.

గోపాలం: మా పాఠంలో "స్వచక్రం పరచక్రం చ సప్తైతా ఈతయః". ఏడు. మన రాజూ ఈతే, పక్క రాజూ ఈతే.

అప్పారావు మాస్టారు: ఆరే. 'షడేతా' పాఠం విడిచిపెట్టను. అది పక్కనపెట్టి కేతన విజ్ఞానేశ్వరీయం తియ్యండి. యాజ్ఞవల్క్యుడి స్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షరని పదమూడో శతాబ్దంలోనే తెలుగు పద్యాల్లో పెట్టినవాడు. దశకుమారచరిత్రని తిక్కనకి అంకితమిచ్చినవాడు. ధర్మశాస్త్రాన్ని కందాల్లోకి దించడమంటే మాటలా? నిక్షేపం పద్యం దగ్గర రాజునీ దైవాన్నీ ఏ మాటతో కలిపాడో చూడాలి. పుస్తకం దగ్గరున్నవాళ్లు ఆ పద్యం పెట్టండి.

రమణమూర్తి: మాస్టారూ, నా 'ను' అలాగే ఉండిపోయింది.

అప్పారావు మాస్టారు: క్రియ గుర్తొచ్చిందా?