ఇంట్లో 10 నిమిషాలు, సెమినార్ హాల్లో 6: మాట వేగం తగ్గేదెలా?

నల్గొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. వచ్చే సోమవారం సెమినార్. అంశం మన నల్గొండ టెక్నిక్, అంటే సున్నం, పటిక కలిపి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి. సబ్జెక్టు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇబ్బందల్లా వేగంతోనే.

ఇంట్లో చెల్లి ముందు చెబితే సరిగ్గా 10 నిమిషాలు పడుతోంది. మొన్న ట్రయల్‌లో మైకు పట్టుకుంటే 6 నిమిషాల్లో అయిపోయింది. మొదటి స్లైడ్ బాగానే నడిచింది. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు ఉన్న లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దగ్గరికి వచ్చేసరికి నోరు ఎండిపోయింది, ఇక ఊపిరి తీయకుండా పరుగే. పటిక వేశాక ఏర్పడే మెత్తటి ముద్దలు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగే బొమ్మ ఉంది. అసలు నిలబడి చూపించాల్సింది అదే, ఒక్క వాక్యంలో దాటిపోయింది.

ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాను. స్లైడ్లలో వాక్యాలు తీసేసి బొమ్మలే ఉంచాను. కాగితం మీద అక్కడక్కడా ‘ఆగు’ అని ఎర్ర ఇంకుతో రాసుకున్నా, టెన్షన్‌లో అటు కన్నే పోలేదు. గట్టిగా ఊపిరి పీల్చుకోమని అందరూ చెప్తారు గానీ, అది స్టేజీ ఎక్కేదాకానే పనిచేస్తోంది.

మాట్లాడుతూ ఉండగానే, మధ్యలో వేగం తగ్గించుకోవడానికి మీకు నిజంగా పనిచేసిన పద్ధతి ఏది?