లాగ్‌లో స్టాక్ ట్రేస్ పూర్తిగా రావడం లేదు, కారణం ఏమై ఉంటుంది?

కావలికుర్రాడు:
కావలి దగ్గర రొయ్యలు కొనే ఒక కేంద్రానికి జావా 8లో బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. లోడ్లు ఎక్కువగా రాత్రిపూట వస్తాయి కాబట్టి ఆ సమయానికి నేను అక్కడ ఉండను. తెల్లవారాక లాగ్ ఫైలు తెరిచి చూసుకుంటాను. వారం రోజులుగా కొన్ని లోడ్లకు బిల్లు తయారు కావడం లేదు. లాగ్‌లో ‘బిల్లు విఫలం: నల్’ అన్న ముక్క తప్ప తప్పు ఏ ఫైలులో, ఏ లైనులో జరిగిందన్న ఆచూకీ లేదు. తప్పు జరిగినప్పుడు నడిచే క్యాచ్ బ్లాకులో గెట్‌మెసేజ్ ఇచ్చినదాన్ని లాగ్ చేస్తున్నాను, దాని కిందనే, తప్పు దాకా ఏ మెథడ్ దేన్ని పిలిచిందో లైన్లతో సహా చూపే ట్రేస్ కోసం ప్రింట్‌స్టాక్‌ట్రేస్ కూడా పెట్టాను. మరి ఆ ట్రేస్ ఎక్కడికి పోతున్నట్టు?

ఒంగోలువాసి:
ప్రింట్‌స్టాక్‌ట్రేస్ రాసేది స్టాండర్డ్ ఎర్రర్‌కు, మీ లాగర్ రాసే ఫైలుకు కాదండీ. సర్వీసుగా నడిచే ప్రోగ్రామ్‌లో ఆ అవుట్‌పుట్‌ను ఎక్కడికైనా మళ్లించకపోతే అది మీ కంట పడదు. ఇక జావా ప్రోగ్రామ్‌ను నడిపే జేవీఎం, ఖాళీ (నల్) విలువను వాడబోయినప్పుడు తానుగా విసిరే నల్‌పాయింటర్ ఎక్సెప్షన్‌కు జావా 8లో సందేశమే ఉండదు, అందుకే ‘నల్’ అని వస్తోంది. ఏది నల్ అయిందో చెప్పే సందేశాలు 2020లో జావా 14తో వచ్చాయి, అవీ ఒక ఫ్లాగ్ పెడితేనే. 15 నుంచి వాటంతటవే వస్తాయి. లాగర్‌కు సందేశం తరువాత చివరి ఆర్గ్యుమెంటుగా ఎక్సెప్షన్ ఆబ్జెక్టునే ఇవ్వండి. ప్లస్ గుర్తుతో సందేశానికి అతికిస్తే అది ఉత్త స్ట్రింగ్ అయిపోయి ట్రేస్ రాదు.

కావలికుర్రాడు:
మీరు చెప్పినట్టే మార్చానండీ. ఇప్పుడు మరీ వింతగా ఉంది: నల్‌పాయింటర్ ఎక్సెప్షన్ పేరున్న ఒక్క లైను మాత్రమే వస్తోంది, దాని కింద ఏ మెథడ్ పేరూ లేదు. విఫలమైన లోడును సెకనుకోసారి మళ్లీ ప్రయత్నించే లూపు ఒకటి రాశాను కనుక, ఉదయానికి ఫైలు నిండా ఈ ఒక్క లైనే వేలసార్లు ఉంది.

పెన్నగట్టు:
ఆ లూపే కారణం. ఒకే చోట అదే ఎక్సెప్షన్ పదేపదే పుడుతుంటే, హాట్‌స్పాట్ జేవీఎంలోని సీ2 కంపైలర్ (ఎక్కువసార్లు నడిచే కోడ్‌ను వేగవంతం చేసేది) ఆ మెథడ్‌ను మళ్లీ కంపైల్ చేసేటప్పుడు, ప్రతిసారీ ట్రేస్ నింపే ఖర్చు తప్పించుకోవడానికి, ముందే సిద్ధంగా ఉంచుకున్న ట్రేస్ లేని ఎక్సెప్షన్‌ను విసిరేలా చేస్తుంది. మొదట్లో వచ్చినవాటికి మాత్రం ట్రేస్ పూర్తిగానే ఉంటుంది, కాబట్టి లాగ్‌ను చివరి నుంచి కాక మొదటి నుంచి చదవండి. ప్రోగ్రామ్‌ను ‘-ఎక్స్‌ఎక్స్:-ఒమిట్‌స్టాక్‌ట్రేస్‌ఇన్‌ఫాస్ట్‌త్రో’ ఫ్లాగ్‌తో నడిపితే ఈ కత్తిరింపు ఆగిపోతుంది. మీరు స్వయంగా త్రో న్యూ అని రాసి విసిరేవాటికి ఈ బెడద లేదు.

కావలికుర్రాడు:
దొరికిందండీ. లాగ్ రొటేషన్‌లో మొదటి ఫైళ్లు చెరిగిపోయాయి, అందుకని ఆ ఫ్లాగ్ పెట్టి మళ్లీ నడిపాను. ట్రేస్‌లో పై లైను రేటు వెతికే మెథడ్‌ను చూపింది. రేట్ల మ్యాప్‌లో 30, 40, 50 కౌంట్లు (కౌంటు అంటే కిలోకు వచ్చే రొయ్యల సంఖ్య) ఉన్నాయి, వచ్చిన లోడు 34 కౌంటు. మ్యాప్ నల్ తిరిగి ఇస్తే, దాన్ని నల్ పట్టని ఇంట్ వేరియబుల్‌లో వేసుకోబోయినప్పుడు ఎక్సెప్షన్ పుట్టింది. ఆ లైనులో నల్ మీద చుక్క పెట్టి పిలిచిన మెథడ్ ఏదీ కనబడదు కనుక, నేను దాన్ని పదిసార్లు చదివి కూడా దాటి పోయాను. మధ్య కౌంట్లకు రేటు పంచి లెక్కగట్టేలా సరిచేశాను.

ఒంగోలువాసి:
సంతోషం. ఆ లూపును కూడా ఒకసారి చూడండి. నెట్‌వర్క్ పోయినప్పుడు మళ్లీ ప్రయత్నించడం సబబే గానీ, మ్యాప్‌లో లేని రేటు సెకను తరువాత వచ్చి కూర్చోదు. మొదటిసారి విఫలమైనప్పుడే లోడు నంబరు, కౌంటు, పూర్తి ట్రేస్ కలిపి లాగ్ చేసి, ఆ లోడును పక్కన పెట్టేయండి.